డబ్బా టీవీకి టాబ్ కలపాలా? ముందు వైరు కొనకండి

మా ఇంట్లో ఒక డ్రాయర్ నిండా పనికిరాని వైర్లున్నాయి, అన్నీ నా చేత్తో నేను కొన్నవే. కథేంటంటే మా అమ్మమ్మ దగ్గర 21 ఇంచుల డబ్బా టీవీ ఒకటుంది, బొమ్మ ఇప్పటికీ నిక్షేపంలా వస్తుంది, తీసేసి ఎల్ఈడీ పెడదాం అంటే "పాడైందా ఏంటి? పాడవలేదుగా, మరెందుకూ" అంటుంది, ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇళ్ళల్లో లేరు. మావయ్య కొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేస్తే టాబ్‌లో పిల్లాడి మొహం కళ్ళకి ఆనట్లేదని ఆవిడ గోల. సరే టాబ్‌ని టీవీకి తగిలించేద్దాం, ఒక వైరేగా, ఎంతసేపు అనుకున్నా. మూడు వారాలు పట్టింది, నాలుగు వైర్లు దండగయ్యాయి. మీకు అలా అవ్వకూడదని రాస్తున్నా.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. టీవీకి ఏ కన్నాలున్నాయో, టాబ్‌కి ఏ కన్నం ఉందో చూడకుండా వైరు కొనొద్దు. వైరు రెండు వైపులా దూరింది కదా అని బొమ్మ రాదు, పాత టీవీకి కావాల్సిన సిగ్నల్ వేరు, టాబ్ ఇచ్చే సిగ్నల్ వేరు, కొన్ని టాబ్‌లైతే అసలు ఏ సిగ్నలూ బయటికి ఇవ్వవు.

ముందు టీవీ వెనక్కి వెళ్ళండి

టార్చ్ తీసుకుని, టీవీ స్విచ్ ఆపేసి, వెనక దుమ్ము దులిపి చూడండి. ముందువైపు కూడా చూడండి, చాలా డబ్బా టీవీలకి కింద చిన్న మూత ఉంటుంది, దాని వెనక కూడా కన్నాలుంటాయి, మా అమ్మమ్మ టీవీకి ఆ మూత ఉన్నట్టు పదిహేనేళ్ళుగా ఇంట్లో ఎవరికీ తెలీదు.

మీకు కనపడేవి ఇవీ. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో గుండ్రటి కన్నాలుంటే అది ఏవీ ఇన్‌పుట్, అంటే బయటినుంచి బొమ్మా సౌండూ టీవీలోకి వెళ్ళే దారి, మన డీవీడీ ప్లేయర్ల కాలం నాటిది. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ సౌండుకి, ఎరుపు కుడి సౌండుకి. ఒక్క స్పీకరున్న టీవీల్లో ఎరుపు ఉండదు, పసుపూ తెలుపే ఉంటాయి, అది లోపం కాదు, అదంతే. కొన్నిట్లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని ఇంకో మూడు ఉంటాయి, అది కాంపోనెంట్, బొమ్మని మూడు వైర్లలో పంపించే పద్ధతి, అది దీనికంటే బాగుంటుంది కానీ దానికి కన్వర్టర్, అంటే ఒక రకం సిగ్నల్‌ని ఇంకో రకంగా మార్చే చిన్న డబ్బా, వేరే కొనాలి, మామూలుది పనిచెయ్యదు. పక్కన అవుట్ అని రాసున్న కన్నాలు కూడా ఉండొచ్చు, వాటిని వదిలెయ్యండి, అవి టీవీలోంచి బయటికి వెళ్ళేవి, మనకి ఇన్ కావాలి. ఇక ఒకే ఒక్క యాంటెన్నా కన్నం తప్ప ఇంకేమీ లేకపోతే, అంటే మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళు చేసిన ఈసీ టీవీ లాంటి తాతల నాటి సెట్లు, వాటి సంగతి చివర్లో చెప్తా.

మీది మరీ డబ్బా కాకుండా 2008, 2010 ఆ టైములో కొన్న మొదటి తరం ఎల్‌సీడీ అయితే మీ పని సగం అయినట్టే, దానికి వెనకో పక్కనో హెచ్‌డీఎమ్ఐ కన్నం, అంటే బొమ్మా సౌండూ ఒకే వైరులో వచ్చే కన్నం, ఒకటైనా ఉండే అవకాశం ఎక్కువ. చాలావాటికి యూఎస్‌బీ కన్నం కూడా ఉంటుంది, అందరూ చేసే పని టాబ్ చార్జింగ్ వైరు తీసుకెళ్ళి అందులో పెట్టడం. టాబ్ చార్జ్ అవుతుంది, అంతే. టీవీ ఆ కన్నంలో పెన్‌డ్రైవ్ కోసం చూస్తుంది, ఆండ్రాయిడ్ టాబ్ పెన్‌డ్రైవ్‌లా కనపడదు. ఊరికే పెళ్ళి వీడియోనో ఫోటోలో చూడ్డానికైతే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోండి, ఈ గొడవంతా అక్కర్లేదు, ఇక్కడితో చదవడం ఆపేసినా పర్లేదు.

ఇప్పుడు టాబ్ కన్నం

ఇక్కడే ఎక్కువమంది మోసపోయేది. టాబ్ కింద టైప్ సీ కన్నం ఉంది, మార్కెట్‌లో టైప్ సీ టు హెచ్‌డీఎమ్ఐ వైరుంది, ఇంకేం అనుకుంటాం. టైప్ సీ అనేది కన్నం ఆకారం పేరు మాత్రమే. లోపల బొమ్మ బయటికి పంపే ఏర్పాటు ఉందా లేదా అనేది వేరే సంగతి, దాన్ని డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు, చవక టాబ్‌లలో అది పెట్టరు. పది, పదిహేను వేల లోపు టాబ్ అయితే లేదనే అనుకోండి.

చెక్ చేసుకోడం ఎలాగంటే, జీఎస్ఎమ్‌అరీనా లాంటి సైట్లో మీ మోడల్ పేరు కొట్టి యూఎస్‌బీ అన్న లైను చూడండి. టైప్ సీ 2.0 అని ఉంటే బొమ్మ రాదు. 3.1 లేదా 3.2 అని ఉండి పక్కన డిస్‌ప్లేపోర్ట్ అని కూడా రాసుంటే వస్తుంది. ఉదాహరణకి సామ్‌సంగ్‌లో టాబ్ ఎస్7, ఎస్8, ఎస్9 లాంటి పెద్దవాటికి వస్తుంది, టాబ్ ఎస్6 లైట్‌కి పేరులో ఎస్ ఉన్నా రాదు, టాబ్ ఏ7, ఏ8 లాంటి 'ఏ' అక్షరం సిరీస్‌కీ రాదు. పేరు చూసి మోసపోకండి, మోడల్ నంబరు చూడండి, సెట్టింగ్స్‌లో అబౌట్ టాబ్లెట్ అన్న చోట ఉంటుంది.

ఆపిల్ వాళ్ళ టాబ్, అదే ఐపాడ్, వాడేవాళ్ళకి ఈ తలనొప్పి తక్కువ. టైప్ సీ కన్నం ఉన్న ఐపాడ్‌లు, అంటే 2018 నుంచి వచ్చిన ప్రో, 2020 ఎయిర్, 2022లో వచ్చిన పదో తరం మామూలు ఐపాడ్, ఇవన్నీ బొమ్మ బయటికిస్తాయి. సన్నటి లైట్నింగ్ కన్నం ఉన్నవాటికి ఆపిల్ వాళ్ళది డిజిటల్ ఏవీ అడాప్టర్ అని ఉంటుంది, ఖరీదెక్కువే, కానీ డూప్లికేట్లు కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు మొండికేస్తాయి, నేనైతే ఎవరి దగ్గరైనా ఒరిజినల్ అప్పుతెచ్చి ముందు పెట్టి చూడమంటా.

పాత మైక్రో యూఎస్‌బీ టాబ్ అయితే ఆ కన్నంలోంచే బొమ్మ పంపడానికి ఒకప్పుడు ఎమ్‌హెచ్ఎల్ అనీ స్లిమ్‌పోర్ట్ అనీ రెండు పద్ధతులుండేవి. 2013లో వచ్చిన నెక్సస్ 7లో స్లిమ్‌పోర్ట్ ఉంది, అదే కాలం సామ్‌సంగ్ టాబ్‌లు కొన్నిట్లో ఎమ్‌హెచ్ఎల్ ఉంది. రెండిటికీ కన్నం ఒకటే, అడాప్టర్లు వేరు, ఒకదానిది ఇంకోదానికి పనిచెయ్యదు. ఇంకా పాతవి కొన్నిటికి చిన్న హెచ్‌డీఎమ్ఐ కన్నమే ఉండేది, మీ టాబ్‌కి అది ఉంటే మీరు అదృష్టవంతులు, అది మినీయో మైక్రోనో చూసుకుని ఆ సైజు హెచ్‌డీఎమ్ఐ వైరు కొంటే చాలు.

కొనకూడని వైర్లు

నా డ్రాయర్లో ఉన్నవే చెప్తున్నా. మొదటిది, ఒక చివర ఇయర్‌ఫోన్ పిన్ను, ఇంకో చివర మూడు రంగుల పిన్నులు. ఇది టాబ్ ఇయర్‌ఫోన్ కన్నంలో చక్కగా దూరుతుంది, టీవీలో చక్కగా దూరుతుంది, సౌండు కూడా వస్తుంది, బొమ్మ మాత్రం జన్మలో రాదు. ఆ కన్నంలోంచి బొమ్మ పంపే ఫోన్లు ఒకప్పుడు ఉండేవి, 2007 నాటి నోకియా ఎన్95 అలా పంపేది, ఆ రోజుల్లో చూసినవాళ్ళు ఇప్పటికీ "ఆ వైరు పెడితే వచ్చేస్తుంది బాబూ" అని చెప్తుంటారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, కాలం మారింది అంతే.

రెండోది, ఒక వైపు యూఎస్‌బీ ఇంకో వైపు మూడు రంగులు. దీన్ని టాబ్‌కి పెట్టినా ఏమీ అవ్వదు, మధ్యలో సిగ్నల్ మార్చే డబ్బా లేకుండా ఉత్త రాగి తీగ ఏం చేస్తుంది చెప్పండి. మూడోది నా సొంత ఘనకార్యం, దాని సంగతి కింద వస్తుంది.

వైరుతో కలిపే పద్ధతి

మీ టాబ్ బొమ్మ ఇస్తుందని తేలితే, డబ్బా టీవీకి రెండు మెట్లు. టాబ్ నుంచి హెచ్‌డీఎమ్ఐ వరకు ఒక అడాప్టర్, హెచ్‌డీఎమ్ఐ నుంచి మూడు రంగుల పిన్నుల వరకు ఒక కన్వర్టర్. టీవీకే హెచ్‌డీఎమ్ఐ ఉంటే రెండో మెట్టు అక్కర్లేదు.

అడాప్టర్ కొనేటప్పుడు హెచ్‌డీఎమ్ఐతో పాటు పక్కన ఇంకో టైప్ సీ చార్జింగ్ కన్నం ఉన్నది తీసుకోండి, లేకపోతే టాబ్‌కి ఉన్న ఒక్క కన్నం దీనికే పోయి సినిమా మధ్యలో చార్జింగ్ అయిపోతుంది.

కన్వర్టర్ విషయంలో మాత్రం కళ్ళద్దాలు పెట్టుకోండి. హెచ్‌డీఎమ్ఐ టు ఏవీ అని ఒక చిన్న డబ్బా, ఏవీ టు హెచ్‌డీఎమ్ఐ అని ఇంకో చిన్న డబ్బా, రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, అదే సైజు, అదే రంగు, అవే కన్నాలు. మనకి కావాల్సింది హెచ్‌డీఎమ్ఐ ముందు, ఏవీ తర్వాత రాసున్నది. నేను దుకాణంలో కరెక్టుగానే అడిగా, ఆయన ఇంకోటి ఇచ్చాడు, నేనూ చూసుకోలేదు, ఇంటికొచ్చి రెండు రోజులు టీవీని తిట్టా. డబ్బా మీద హెచ్‌డీఎమ్ఐ కన్నం పక్కన ఇన్‌పుట్ అని ఉందా లేదా చూడండి, అవుట్‌పుట్ అని ఉంటే అక్కడికక్కడే తిరిగిచ్చెయ్యండి. నాకు సరైనది నాలుగొందల లోపే దొరికింది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలోనో సికింద్రాబాద్ సీటీసీలోనో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) అడిగితే చూపించి ఇస్తారు, వీలైతే మీ టాబ్ జేబులో వేసుకెళ్ళి అక్కడే పెట్టి చూపించమనండి, సిగ్గుపడకండి.

ఇక కలపడం. టీవీ ఆపండి, కన్వర్టర్‌కి కరెంటు ఇంకా ఇవ్వకండి. రంగుకి రంగు చూసుకుని మూడు పిన్నులు టీవీ ఇన్‌పుట్‌లో గుచ్చండి, టీవీకి ఎరుపు లేకపోతే ఎరుపు పిన్ను వేలాడనివ్వండి, కాకపోతే అప్పుడు కుడివైపు సౌండు పోతుంది, మాటలకేం ఇబ్బంది ఉండదు కానీ పాటల్లో తేడా తెలుస్తుంది, కావాలంటే రెండు పిన్నుల్ని ఒకటి చేసే వై ఆకారం పిన్ను దొరుకుతుంది. కన్వర్టర్ పక్కన చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, పాల్ అని ఒకవైపు, ఎన్‌టీఎస్‌సీ అని ఇంకోవైపు, దాన్ని పాల్ వైపు పెట్టండి, మన దేశంలో టీవీలు పాల్ పద్ధతివి. ఇప్పుడు హెచ్‌డీఎమ్ఐ వైరుతో కన్వర్టర్‌కీ అడాప్టర్‌కీ కలపండి. కన్వర్టర్‌కి దాని యూఎస్‌బీ వైరుతో మొబైల్ చార్జర్ నుంచి కరెంటు ఇవ్వండి, కరెంటు లేకుండా కూడా కొన్ని కాస్త వెలిగి ఊరిస్తాయి, నమ్మకండి. టీవీ వెయ్యండి, రిమోట్‌లో టీవీ/ఏవీ అనో సోర్స్ అనో ఉన్న బటన్ నొక్కుతూ ఏవీ 1, ఏవీ 2 తిప్పండి, రిమోట్ లేని బాపతు అయితే చానల్ సున్నాలో ఏవీ దాక్కునుంటుంది చూడండి. చాలా కన్వర్టర్లు ఏమీ తగిలించకపోయినా నీలం తెరో రంగు పట్టీలో చూపిస్తాయి, అది కనపడిందంటే టీవీ వైపు పని అయిపోయినట్టే. చివరగా టాబ్ తగిలించి అడ్డంగా తిప్పండి. రెండు మూడు సెకన్లలో బొమ్మ రావాలి.

ఇంకో చిన్న చిక్కు. చాలా ఇళ్ళల్లో ఉన్న ఒక్క ఏవీ కన్నాన్నీ డిష్ సెట్‌టాప్ బాక్స్ ఆక్రమించుకుని ఉంటుంది. ముందువైపు మూత వెనక ఇంకోటి ఉందేమో చూడండి, కొన్ని టీవీల్లో ముందుదీ వెనకదీ ఒకటే కలిపేసుంటాయి, రెండూ ఒకేసారి పెడితే రెండు బొమ్మలూ కలిసి గజిబిజి అవుతాయి. అలాంటప్పుడు మూడు ఇన్‌పుట్‌లకి బటన్లున్న ఏవీ సెలెక్టర్ డబ్బా ఒకటి కొనుక్కోండి, కరెంటు కూడా అక్కర్లేదు దానికి. పిన్నులు పీకి పెట్టడం రోజూ చేస్తే కన్నాలు వదులైపోతాయి, తర్వాత టీవీ మీద కొడితేగానీ సౌండు రాని పరిస్థితి వస్తుంది.

టాబ్ బొమ్మ ఇవ్వకపోతే

చాలామందికి ఇదే వర్తిస్తుంది, నిజం చెప్పాలంటే మా ఇంట్లోనూ చివరికి ఇదే పనిచేసింది. వైరు సంగతి మర్చిపోయి హెచ్‌డీఎమ్ఐ స్టిక్ ఒకటి కొనండి, అంటే హెచ్‌డీఎమ్ఐ కన్నంలో గుచ్చితే తనే నెట్ నుంచి వీడియోలు తెచ్చి చూపించే చిన్న పరికరం, ఫైర్ టీవీ స్టిక్ లాంటిది, లేదా గూగుల్ టీవీ ఉన్న చిన్న బాక్స్. గూగుల్ వాళ్ళ ఇలాంటి పరికరమే క్రోమ్‌కాస్ట్, దాని తయారీ 2024లో ఆపేశారు, మీ ఇంట్లో ఎవరిదైనా పాతది పడుంటే అది కూడా బాగానే పనిచేస్తుంది. స్టిక్‌ని కన్వర్టర్ హెచ్‌డీఎమ్ఐ కన్నంలో గుచ్చండి, మిగతాదంతా పైన చెప్పినట్టే. స్టిక్‌కి ఒక చార్జర్, కన్వర్టర్‌కి ఒక చార్జర్, డిష్‌కి ఒక ప్లగ్గు, టీవీకి ఒకటి, ఎక్స్‌టెన్షన్ బోర్డు తప్పదు. ఎల్‌సీడీ టీవీ వాళ్ళు స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే లాగుతారు, పాత టీవీ యూఎస్‌బీ ఇచ్చే కరెంటు దానికి సరిపోదు, స్టిక్ ఆగి ఆగి మళ్ళీ మొదటినుంచీ స్టార్ట్ అవుతుంటుంది, దాంతో పాటొచ్చిన చార్జరే వాడండి.

స్టిక్‌ని మొదటిసారి సెట్ చేసేటప్పుడు డబ్బా టీవీ మీద అక్షరాలు చదవలేక చస్తారు. పక్కింట్లో ఎల్ఈడీ టీవీ ఉంటే అక్కడికి తీసుకెళ్ళి వైఫై, అకౌంటూ అన్నీ పెట్టేసి, డిస్‌ప్లే సెట్టింగ్‌లో రిజల్యూషన్ 720పీ చేసి తీసుకురండి, ఒక టీ తాగినంత సేపు పని.

ఇప్పుడు టాబ్ నుంచి టీవీకి పంపడంలో రెండు రకాలున్నాయి, ఈ తేడా తెలిస్తే సగం కష్టాలు పోతాయి. మొదటిది కాస్ట్. యూట్యూబ్‌లో వీడియో పెట్టినప్పుడు పైన చిన్న టీవీ బొమ్మ మీద మూడు గీతలున్న గుర్తు వస్తుంది, అది నొక్కి స్టిక్ పేరు ఎంచుకుంటే వీడియోని స్టిక్ తనంతట తనే నెట్ నుంచి తెచ్చుకుంటుంది, టాబ్ ఉత్త రిమోట్, మీరు టాబ్ ఆపేసి పక్కన పడేసినా పాట ఆగదు. దీనికి టాబ్, స్టిక్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఇంట్లో వైఫై లేకపోతే మూడో ఫోన్లో హాట్‌స్పాట్ వేసి రెండిటినీ దానికి కలపండి, ఏ టాబ్ నుంచి కాస్ట్ చేస్తున్నారో అదే టాబ్‌లో హాట్‌స్పాట్ వేస్తే చాలాసార్లు ఒకటి ఇంకోదాన్ని గుర్తుపట్టదు.

రెండోది మిర్రరింగ్, అంటే టాబ్ తెర మీద ఏముంటే అది టీవీ మీద. సామ్‌సంగ్‌లో స్మార్ట్ వ్యూ అంటారు, మిగతావాటిలో కాస్ట్, స్క్రీన్ కాస్ట్, వైర్‌లెస్ డిస్‌ప్లే, ఇలా తలో పేరు, పైనుంచి కిందకి లాగితే వచ్చే బటన్లలో వెతకండి. ఇందులో చాలావరకు మిరాకాస్ట్ అనే పద్ధతి వాడతారు, దానికి నెట్ అక్కర్లేదు, టాబ్ నేరుగా స్టిక్‌తో మాట్లాడుకుంటుంది. ఫైర్ స్టిక్ అయితే రిమోట్‌లో హోమ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, మిర్రరింగ్ అని వస్తే మీ మోడల్‌లో ఉన్నట్టు, రాకపోతే మెనూలు తిప్పి తిప్పి వెతక్కండి, అన్ని మోడళ్ళకీ ఉండదు. గూగుల్ వాళ్ళ సొంత పిక్సెల్ పరికరాల్లో మిరాకాస్ట్ ఉండదు, అవి క్రోమ్‌కాస్ట్ భాషే మాట్లాడతాయి. కొనేముందు మీ టాబ్‌ది ఏ భాషో, స్టిక్‌ది ఏ భాషో కలిసిందా చూసుకోండి, జాతకాలు చూసినట్టు.

మిర్రరింగ్‌లో బొమ్మ అర సెకను వెనకపడుతుంది, చూడ్డానికి ఫర్లేదు, ఆటలకి పనికిరాదు, పిల్లలకి ముందే చెప్పండి. ఇంకోటి, టాబ్ మీద వచ్చే ప్రతి మెసేజీ టీవీ మీద పడుతుంది. మా పిన్ని టాబ్ పెట్టిన రోజు వరండాలో పదిమంది ఉండగా చిట్టీల వాయిదా కట్టలేదన్న మెసేజ్ 21 ఇంచుల్లో వచ్చింది. డు నాట్ డిస్టర్బ్ వేసుకోండి, ఓటీపీలకీ అదే మంచిది.

స్టిక్ వద్దు, నా టాబ్ నుంచే వైరు కావాలి, కానీ దానికి డిస్‌ప్లేపోర్ట్ లేదు అనేవాళ్ళకి డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్లు అని ఇంకో దారి ఉంది, టాబ్‌లో వాళ్ళ యాప్ వేసుకుంటే 2.0 కన్నం నుంచి కూడా బొమ్మ వస్తుంది. ఖరీదు చూస్తే స్టిక్ కొనడమే నయం అనిపిస్తుంది, ఆఫీసులో ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి చూడండి.

బొమ్మ వచ్చింది కానీ...

బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుందా? పాల్ స్విచ్ మారిందేమో చూడండి, నూటికి ఎనభైసార్లు అదే. అది సరిగ్గానే ఉంటే పసుపు పిన్నుని కాంపోనెంట్ ఆకుపచ్చ కన్నంలో పెట్టారేమో చూడండి. బొమ్మ సినిమా రీలులా పైకి దొర్లుతున్నా అదే స్విచ్.

కొత్త సన్నటి టీవీల్లో మూడు రంగుల కన్నాల బదులు ఇయర్‌ఫోన్ కన్నం లాంటిది ఒకటిచ్చి చిన్న ముక్క వైరు ఇస్తారు. ఆ ముక్క పోగొట్టుకుని బయట ఏదో ఒకటి కొంటే బొమ్మ బదులు బర్రుమని చప్పుడు వస్తుంది, లోపల పిన్నుల వరస కంపెనీ కంపెనీకీ మారుతుంది. పసుపు పిన్నుని ఎర్రదాని చోట, ఎర్రదాన్ని పసుపు చోట మార్చి చూడండి, చాలాసార్లు కుదిరిపోతుంది.

అంచులు కోసుకుపోతున్నాయా? డబ్బా టీవీలు పుట్టుకతోనే నాలుగు పక్కలా కొంచెం దాచేస్తాయి, టాబ్ పైన టైమూ బ్యాటరీ కనపడకపోవడం మామూలే. ఫైర్ స్టిక్ అయితే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కాలిబ్రేట్ డిస్‌ప్లే అని ఉంటుంది, దాంతో లోపలికి లాగొచ్చు. పైనా కిందా నల్ల పట్టీలు వస్తే అది తప్పు కాదు, టాబ్ వెడల్పు బొమ్మ, టీవీ చదరపు బొమ్మ, సాగదీస్తే మనుషులందరూ కొబ్బరిచెట్లలా పొడుగైపోతారు, పట్టీలే నయం.

అక్షరాలు మసకగా ఉండటం గురించి ఒకటి ఒప్పుకోవాలి, దాన్ని ఎవరూ పూర్తిగా బాగుచెయ్యలేరు. టాబ్ తెరలో నిలువుగా 1200 గీతల దాకా ఉంటే డబ్బా టీవీలో కనపడేవి 576, సగానికి సగం పోతాయి. మొహాలు, సినిమాలు, పాటలు బ్రహ్మాండంగా ఉంటాయి, వాట్సాప్ మెసేజీలు చదవడం, పేపర్ చదవడం కుదరదు. టాబ్‌లో ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు పెంచండి, టీవీలో షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, పెంచితే అక్షరాల చుట్టూ తెల్ల గీతలొస్తాయి.

యూట్యూబ్ వస్తుంది కానీ డబ్బులు కట్టిన ఓటీటీ పెట్టగానే తెర నల్లగా అయ్యి సౌండు మాత్రం వస్తుంది, లేదా ఏదో ఎర్రర్ చూపిస్తుంది, దీనికి కారణం హెచ్‌డీసీపీ. కాపీ కొట్టకుండా హెచ్‌డీఎమ్ఐలో పెట్టిన తాళం అది, అవతల తాళంచెవి ఉన్న పరికరం ఉందో లేదో అడుగుతుంది, మన నాలుగొందల కన్వర్టర్‌కి చాలాసార్లు సమాధానం తెలీదు. మీ వైర్ల తప్పు కాదు, గంటలు గంటలు పీకి పెట్టొద్దు. ఓటీటీల కోసమే ఈ పనంతా చేస్తుంటే మొదట్లోనే చెప్తున్నా, దుకాణంలో మీ యాప్ పెట్టించి చూసాకే కన్వర్టర్‌కి డబ్బులివ్వండి.

కరెంటు పోయి వచ్చాక బొమ్మ రాకపోతే కన్వర్టర్ చార్జర్ పీకి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ పెట్టండి. ఎండాకాలం మా ఊళ్ళో ఇది రోజుకి రెండుసార్లు చేసే పని.

ఏమైనా సరే డబ్బా టీవీ వెనక మూత మాత్రం విప్పకండి. లోపల పిక్చర్ ట్యూబ్‌కి 20 వేల వోల్టుల పైన వెళ్తుంది, ప్లగ్గు పీకేసాక కూడా కొంత అందులో నిలవుంటుంది. యాంటెన్నా కన్నం ఒక్కటే ఉన్న టీవీకి "లోపల ఏవీ పిన్నులు సోల్డర్ చేసి ఇస్తా" అని మెకానిక్కులు కొంతమంది అంటారు, పాత సెట్లు కొన్నిట్లో లోపలి చాసిస్‌కే, అంటే లోహపు చట్రానికే, నేరుగా మెయిన్ కరెంటు తగిలి ఉంటుంది, అలాంటిదానికి పిన్ను వేసి మీ టాబ్ తగిలిస్తే టాబ్‌తో పాటు మీకూ షాకే. దాని బదులు ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అని ఒక డబ్బా ఉంటుంది, మూడు రంగుల పిన్నులు అందులో గుచ్చితే అది చిన్న టీవీ స్టేషన్‌లా మారి యాంటెన్నా వైరులోకి సిగ్నల్ పంపుతుంది, దాని మీద రాసున్న చానల్ నంబరుకి టీవీని ట్యూన్ చెయ్యాలి. బొమ్మ ఇంకాస్త మసకే, కానీ తాతగారి టీవీలో మనవరాలి డాన్సు చూస్తే ఆ మసకెవరు పట్టించుకుంటారు.

వీడియో కాల్ కోసమే అయితే

కాల్‌కి మిర్రరింగ్ కావాలి, కాస్ట్ పనిచెయ్యదు. కెమెరా, మైకు టాబ్‌లోవే కాబట్టి టాబ్‌ని టీవీ మీదే నిలబెట్టాలనిపిస్తుంది, పెద్దవాళ్ళు టీవీ వైపే చూస్తారు కదా మరి. అలా పెడితే టీవీ స్పీకర్ సౌండు టాబ్ మైకులోకి వెళ్ళి అవతలివాళ్ళకి వాళ్ళ గొంతే బావిలోంచి వచ్చినట్టు తిరిగి వినపడుతుంది. మేం చేసిందేంటంటే టాబ్‌ని అమ్మమ్మ కుర్చీ ముందు స్టూలు మీద, టీవీకి కొంచెం కిందగా, వీపు టీవీ వైపు ఉండేలా పెట్టి, టీవీ సౌండు సగానికి తగ్గించాం. ఎకో చాలావరకు పోయింది. ఆవిడ టీవీ వైపు చూస్తూ మాట్లాడుతుంది, డల్లాస్‌లో వాడికి నాన్నమ్మ కొంచెం పైకి చూస్తున్నట్టు కనిపిస్తుంది, అలవాటైపోయింది. లాగ్ వల్ల పెదాలకీ మాటకీ కుదరదు, అది ఆవిడ గమనించనే లేదు, వాడు చిక్కిపోయాడనే సంగతి మాత్రం మొదటి నిమిషంలోనే పట్టేసింది.

మీరు ఊరెళ్ళిపోయే ముందు ఒక పని మర్చిపోవద్దు. మేం అంతా సెట్ చేసి బస్సెక్కి వచ్చేసాం, సాయంత్రం ఏడింటికి ఫోను, "సీరియల్ రావట్లేదు, టీవీని ఏం చేశార్రా" అని. టీవీ ఏవీ 2లో ఉండిపోయింది, డిష్ ఏవీ 1లో ఉంది. ఫోనులో పావుగంట చెప్పినా ఏ బటనో ఆవిడకి అర్థం కాలేదు, పక్కింటి పిల్లాడొచ్చి నొక్కాల్సొచ్చింది. తర్వాతి వారం వెళ్ళినప్పుడు రిమోట్‌లో టీవీ/ఏవీ బటన్ మీద ఆవిడదే ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించి, "సీరియల్ రాకపోతే బొట్టు నొక్కు, వచ్చేదాకా నొక్కు" అని చెప్పా. ఆ తర్వాత ఇంక ఫోను రాలేదు.